లీటరు కొలత, వేడి లెక్క

డిసెంబరు చివరి వారం. పొద్దున ఏడు కూడా కాలేదు. హైదరాబాద్‌లో మా వీధి చివరి మెకానిక్ షెడ్డు ముందు ఒక కుర్రాడు బండి ఆపాడు. వీపున భోజనాల డెలివరీ సంచి, చెవులకు మఫ్లరు. "అన్నా, దసరాకి లీటరుకు యాభై ఇచ్చేది. ఇప్పుడు నలభై రెండు దాటట్లేదు. పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారంట కదా, అదేనా?" అని అడిగాడు. మెకానిక్ వెంటనే జవాబివ్వలేదు. వంగి వెనక టైరును బొటనవేలితో నొక్కాడు. బండిని సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. అది ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. "కలుపుతున్న మాట నిజమే తమ్ముడూ. కానీ ఎనిమిది కిలోమీటర్లూ అదే మింగిందంటే నేను నమ్మను" అన్నాడు.

నా బండికి గాలి కొట్టించుకుందామని వెళ్లినవాణ్ణి, ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చాను. రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరిగితే తప్ప ఇల్లు గడవని మనిషికి ఎనిమిది కిలోమీటర్ల మైలేజీ అంటే చిన్న సంగతి కాదు. నెల తిరిగేసరికి పిల్లల స్కూలు వ్యాను డబ్బులకు తడుముకోవాల్సి వస్తుంది. ఆ ఎనిమిదింటిలో ఎవరి వాటా ఎంతో తేల్చి చెప్పడం సాధ్యమే. ఎందుకంటే ఈ విషయంలో చాలా సంగతులు ఎప్పుడో కొలిచి పెట్టినవే.

ముందు లీటరు సంగతి చూద్దాం. మనం పెట్రోలును లీటర్లలో కొంటాం, ఇంజన్ మాత్రం దాన్ని వేడిగా తింటుంది. లీటరనేది చోటు కొలత మాత్రమే. ఆ చోటులో ఎంత వేడి దాగి ఉందో అది చెప్పదు. ఏమీ కలపని పెట్రోలు లీటరు కాలిస్తే సుమారు 32 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. అందులో చక్రాల దాకా చేరేది పావు వంతు, కాస్త అటూ ఇటూ. మిగతాదంతా సైలెన్సరు గొట్టం నుంచి, ఇంజన్ ఒంటి మీద నుంచి గాలిలో కలిసిపోతుంది. కాబట్టి మైలేజీ తగ్గిందంటే అడగాల్సిన ప్రశ్నలు రెండు. లీటరులో వచ్చిన వేడే తగ్గిందా? లేక వచ్చిన వేడి చక్రానికి చేరకుండా దారిలో పోతోందా? ఇంధనంలో కలిపేది మొదటిదాన్ని మారుస్తుంది. కాలం రెండింటినీ మారుస్తుంది.

ఇథనాల్ లీటరు కాలిస్తే వచ్చేది 21 మెగాజౌళ్లు. అంటే పెట్రోలులో మూడింట రెండు వంతులు. కారణం దాని నిర్మాణంలోనే ఉంది. పెట్రోలు దాదాపు అంతా కార్బన్, హైడ్రోజన్. ఇథనాల్ బరువులో మాత్రం 35 శాతం దాకా ఆక్సిజనే. ఆక్సిజన్ కాలుస్తుందే గానీ తాను కాలదు. సగం కాలిన కట్టెను మళ్లీ పొయ్యిలో పెడితే కొత్త కట్టె ఇచ్చినంత వేడి ఇవ్వదు కదా, ఇథనాల్ కూడా అలాంటిదే. ఇక లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. నూటికి పది పాళ్లు ఇథనాల్ కలిస్తే లీటరులో వేడి మూడు శాతం పైచిలుకు తగ్గుతుంది. ఇరవై పాళ్లు కలిస్తే ఏడు శాతానికి దగ్గరగా తగ్గుతుంది. పది నుంచి ఇరవైకి మారినప్పుడు కొత్తగా పడే కోత మూడున్నర శాతం. యాభై ఇచ్చే బండికి అది రెండు కిలోమీటర్ల లోపు. రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడికి నెలలో ఇరవై ఆరు రోజులకు రెండు లీటర్ల పైచిలుకు పెట్రోలు అదనంగా పడుతుంది. డబ్బుల్లో రెండు వందల యాభై రూపాయల దరిదాపుల్లో. ఇంజన్ ఏ సర్దుబాటూ చేసుకోలేదనుకుంటేనే ఈ లెక్క.

సర్దుబాటు చేసుకోగలదా అన్నదే అసలు మెలిక. ఇథనాల్‌కు ఒక మంచి గుణం ఉంది. దాని ఆక్టేన్ ఎక్కువ. మన పాత మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 అయితే, ఇరవై శాతం కలిపిన ఇ20ది 95. ఆక్టేన్ ఎక్కువున్న ఇంధనాన్ని సిలిండరులో మరింత బిగించి నొక్కినా, స్పార్కు పడకముందే తనంతట తాను అంటుకోదు. ఎంత బిగించి నొక్కి కాలిస్తే అంత పని రాబట్టుకోవచ్చు. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడిని పీల్చుకొని సిలిండరును లోపలి నుంచి చల్లబరుస్తుంది. ఈ రెండు గుణాలనూ లెక్కలోకి తీసుకొని కట్టిన ఇంజన్ పోయిన వేడిలో కొంత తిరిగి సంపాదించుకుంటుంది. పాత ఇంజనుకు ఆ వీలు లేదు. పిస్టను ఎంత దాకా నొక్కాలో ఫ్యాక్టరీలో ఇనుముతోనే రాసేశారు. దాన్ని మార్చాలంటే ఇంజన్ మార్చడమే. ఇక కార్బ్యురేటరు బండి అయితే మరీ కష్టం. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఆక్సిజన్ సెన్సరున్న బండి పొగ వాసన చూసి ఇంధనాన్ని పెంచుకుంటుంది. కార్బ్యురేటరులో జెట్టు రంధ్రం మాత్రం ఎప్పుడూ అంతే. గాలి ఎక్కువై, ఇంధనం చాలక, బండి పికప్ అందుకోక, తోలేవాడు ఎక్సలేటరు ఇంకాస్త తిప్పుతాడు.

ఈ తేడాలు ప్రభుత్వానికి తెలియనివి కావు. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో వెలువరించిన ఇథనాల్ నివేదికలోనే అంకెలున్నాయి. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, పది శాతానికి సరిచేసిన కార్లు ఇ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని అందులో రాశారు. అలాంటి ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం. పది శాతం కోసం కట్టి ఇరవైకి సరిచేసిన కార్లకు 1 నుంచి 2 శాతం. నాకు ఈ అంకెలు నమ్మదగ్గవిగానే కనిపిస్తాయి, ఎందుకంటే పైన వేసిన వేడి లెక్కకు ఇవి దూరంగా పోవు. "ఇథనాల్ వచ్చాక మైలేజీ సగానికి సగం పడిపోయింది" అనేవాళ్ల మాట ఆ లెక్కకు నిలవదు. "ఏమీ తగ్గలేదు" అనేవాళ్ల మాటా నిలవదు.

ఇథనాల్ మనకు కొత్త కాదు. 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో ఐదు శాతం కలపడం మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జాబితాలో ఉంది. చాలా ఏళ్లు అది నత్తనడకే. 2018 జీవ ఇంధన విధానం తర్వాత ఊపందుకుంది. 2022 జూన్‌కు దేశం మొత్తం మీద పది శాతం చేరింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఇ20 అమ్మకాలు మొదలయ్యాయి. 2030కి అనుకున్న ఇరవై శాతం 2025లోనే వచ్చేసింది. ముడిచమురు దిగుమతి ఖర్చు తగ్గడం, మొక్కజొన్న రైతుకు ఒక కొనుగోలుదారు పెరగడం నిజంగా లాభాలే. ఫ్యాక్టరీ పక్కనున్న ఊళ్ల భయాలూ నిజమే. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కింది ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దనే. అది మరో వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ నా పట్టింపు బంకు దగ్గర నిలబడ్డ మనిషి గురించి. ఇంత పెద్ద మార్పు రెండు మూడేళ్లలో జరిగిపోయింది, లీటరులో వేడి ఎంత తగ్గిందో అతనికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బ్రెజిల్‌లో సామాన్యుడికి ఇది నోటిలెక్క. అక్కడ 2003 నుంచి రెండు ఇంధనాల్లో దేనితోనైనా, ఏ పాళ్లలో కలిపినా నడిచే కార్లు వస్తున్నాయి. బంకులో ఒక పక్క ఇథనాల్, ఇంకో పక్క ఇథనాల్ కలిపిన పెట్రోలు ఉంటాయి. ఆ పెట్రోలులోనూ ఇప్పుడు 30 శాతం ఇథనాలే. కారు ఆపినవాడు పెట్రోలు ధరను 0.7తో హెచ్చవేస్తాడు. ఇథనాల్ ధర అంతకన్నా తక్కువైతే అది పోయిస్తాడు, ఎక్కువైతే పెట్రోలు పోయిస్తాడు. టాక్సీ డ్రైవరు దగ్గర్నుంచి కాలేజీ పిల్ల దాకా అందరికీ ఆ 70 శాతం సూత్రం తెలుసు. అంటే అక్కడివాళ్లు కొంటున్నది లీటర్లు కాదు, వేడి. మన నీతి ఆయోగ్ నివేదిక కూడా వేడి తగ్గిన మేరకు కలిపిన పెట్రోలు ధర తగ్గాలని సూచించింది. తర్వాత ఇథనాల్ సేకరణ ధరే పెరిగిందని ప్రభుత్వం అంటోంది. ధర తగ్గించడం కుదరకపోతే కనీసం అంకె అయినా రాయవచ్చు. బంకుల్లో ఇప్పటికే సాంద్రత చూపిస్తున్నారు. దాని కిందే ఇథనాల్ ఎంత శాతం, లీటరుకు వేడి ఎంత అని మరో రెండు గీతలు రాయడానికి ఖర్చేం కాదు. ఇది నేను గట్టిగా కోరుకునే సంగతి.

ఇంతకీ మన కుర్రాడి ఎనిమిది కిలోమీటర్లు. వాటా వేసే ముందు ఒక్కటి గమనించాలి. దసరాకి అతను పోయించిందీ ఇ20నే. అప్పుడు యాభై ఇచ్చిన పెట్రోలే ఇప్పుడు నలభై రెండు ఇస్తోంది. ఇథనాల్ తన కోతను ఎప్పుడో కోసేసింది. దసరాకీ క్రిస్మస్‌కీ మధ్య పోయిన దాంట్లో దానికి పెద్దగా వాటా లేదు. మధ్యలో మారింది చలి.

చలికీ ఇంజనుకూ ఉన్న వైరం మా ఇంట్లో చిన్నప్పుడే చూశాను. మా నాన్నకు పాత రెండు స్ట్రోకుల స్కూటరుండేది. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే దాన్ని కుడి పక్కకు నేల దాకా వంచి, రెండు నిమిషాలు అలాగే పట్టుకొని, మళ్లీ నిలబెట్టి, చోక్ లాగి కిక్ కొట్టేవారు. వంచితే కార్బ్యురేటరులోకి కాస్త ఎక్కువ పెట్రోలు దిగుతుంది. చోక్ లాగితే గాలి దారి మూసుకొని ఇంజన్ పెట్రోలునే ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎందుకింత తతంగం అంటే, కాలేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. చల్లటి ఇంజనులో పెట్రోలులోని తేలికపాటి భాగాలు మాత్రమే ఆవిరవుతాయి. బరువైనవి గోడలకు చెమటలా అంటుకొని కాలకుండా పోతాయి. కాలడానికి చాలినంత ఆవిరి కావాలంటే అవసరానికి మించి పోయాల్సిందే. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో వంచడాలూ లాగడాలూ లేవు, కానీ కంప్యూటరు చేసేదీ అదే పని. మన కంటికి కనపడదంతే. ఇంజన్ వేడెక్కేదాకా అది పెట్రోలును ధారాళంగా చిమ్ముతూనే ఉంటుంది.

ఆయిల్‌దీ ఇదే కథ. చలికాలంలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టని తెలుగిల్లు ఉండదు. ఇంజన్ ఆయిల్ అలా గడ్డకట్టదు గానీ చిక్కబడుతుంది. ఇంజనులోని ప్రతి భాగమూ ఆ చిక్కటి నూనెను తోసుకుంటూ తిరగాలి. ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. ఆ డబ్ల్యూ అక్షరం ఇంగ్లిషులో చలికాలాన్ని సూచించేదే. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ నూనె అంత తేలిగ్గా పారుతుంది. కంపెనీ పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని ఉంటే, చిక్కగా ఉంటే ఇంజన్‌కు మంచిదని 20డబ్ల్యూ-40 పోయించుకునేవాళ్లు రోజూ పొద్దున్నే దానికి పన్ను కడుతున్నట్టే.

ఈ నష్టమంతా మొదటి ఐదారు కిలోమీటర్లలోనే. ఇంజన్ ఒకసారి వేడెక్కాక బయట చలి దానికి పెద్దగా పట్టదు. కాబట్టి పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే బండి, పాల కేంద్రానికి వెళ్లొచ్చే బండి, సందు చివరి కూరగాయల కోసం తీసే బండి, వీటికే చలి దెబ్బ. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే కారుకు అది లెక్కలోకే రాదు.

మిన్నియాపొలిస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ప్రతి జనవరిలో ఇదే అడుగుతాడు. "మామయ్యా, ఎండాకాలంలో ఇచ్చిన మైలేజీ ఇప్పుడు రావట్లేదు, సర్వీసుకు ఇవ్వాలా?" అని. అక్కరలేదు. అమెరికా ఇంధన శాఖ కొలతల ప్రకారం బయట 25 డిగ్రీలు ఉన్నప్పటి కంటే మైనస్ 7 డిగ్రీలు ఉన్నప్పుడు మామూలు పెట్రోలు కారు ఊళ్లో తిరిగితే మైలేజీ 15 శాతం తగ్గుతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే ఈ కోత 24 శాతం దాకా పోతుంది. మైనస్ 7 అంటే మిన్నెసోటా జనవరిలో కాస్త వెచ్చని రోజు కిందే లెక్క. మైనస్ 20లో గాలి కూడా అడ్డం తిరుగుతుంది. 25 డిగ్రీల గాలి కంటే అది దాదాపు 18 శాతం బరువైనది. హైవే మీద కారు దాన్ని చీల్చుకుంటూ పోవాలి.

అక్కడ ఇంకో సంగతుంది, అది మనకు లేనిది. అమెరికాలో చలికాలం పెట్రోలు వేరు, ఎండాకాలం పెట్రోలు వేరు. చలికి పెట్రోలు ఆవిరి కావడం లేదన్నాను కదా, దానికి రిఫైనరీలు బ్యూటేన్ కలుపుతాయి. మన వంటగ్యాసు సిలిండరులో ఉండే బ్యూటేనే అది. సున్నా డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది కాబట్టి గడ్డకట్టే చలిలోనూ ఆవిరవుతుంది, బండి సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. చవక కూడా. అదే బ్యూటేన్ ఎండాకాలంలో ట్యాంకుల్లోంచి ఆవిరై గాలిలో చేరి, ఎండకు ఓజోనుగా, పొగమంచులాంటి కాలుష్యంగా మారుతుంది. అందుకే అక్కడి పర్యావరణ సంస్థ ఎండాకాలపు పెట్రోలు ఆవిరి పీడనానికి హద్దు గీసింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా బంకుల్లో సాధారణంగా 9 పీఎస్ఐ మించకూడదు. కాలుష్యం ఎక్కువున్న కొన్ని ప్రాంతాల్లో 7.8. చలికాలంలో చల్లటి రాష్ట్రాల్లో 15 దాకా పోవచ్చు. బ్యూటేన్ తేలిక కాబట్టి లీటరులో పట్టే వేడి తగ్గుతుంది. ఎండాకాలపు పెట్రోలు కంటే చలికాలపు పెట్రోలులో ఒకటిన్నర, రెండు శాతం మధ్య వేడి తక్కువ. మా మేనల్లుడి కోతలో పెట్రోలు మార్పు వాటా అంతే. మిగతాదంతా చలి చేసిందే.

ఇథనాల్ ఎక్కువున్న ఇంధనంతో ఈ కాలభేదం ఇంకా స్పష్టంగా కనపడుతుంది. అమెరికాలో ఇ85 పేరుతో అమ్మే ఇంధనంలో 85 శాతం ఇథనాల్ ఉంటుందనుకుంటాం. నిజానికి కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి అది 51 నుంచి 83 శాతం మధ్య మారుతుంది. స్వచ్ఛమైన ఇథనాల్ చలిలో మొండికేస్తుంది, తగినంత ఆవిరి కాదు. అందుకే చలి ముదిరేకొద్దీ పెట్రోలు పాలు పెంచుతారు. బ్రెజిల్ కార్లలో చాలా ఏళ్లు బానెట్ కింద చిన్న పెట్రోలు డబ్బా ఒకటి ఉండేది. చల్లటి పొద్దుల్లో ముందు ఆ పెట్రోలుతో ఇంజన్ అందుకొని, తర్వాత ఇథనాల్‌కు మారేది. వింత ఏమిటంటే, కొద్దిగా ఇథనాల్ పెట్రోలులో కలిస్తే ఆవిరి పీడనం తగ్గదు, పెరుగుతుంది. పది శాతం దగ్గర సుమారు ఒక పీఎస్ఐ పెరిగి, ఆపైన కలిపేకొద్దీ మెల్లగా తగ్గుతూ పోతుంది.

మన దేశంలో ప్రమాణాలు రాసినవాళ్లు చలి కంటే ఎండకే ఎక్కువ భయపడ్డారు, సహజంగానే. పెట్రోలు ఎంత తేలిగ్గా ఆవిరి కావచ్చో మే నుంచి జులై దాకా ఒక హద్దు, మిగతా నెలలకు ఇంకో హద్దు పెట్టారు. పాత కార్లలో ఆ ఆవిరే చంపుకు తినేది. మే నెల మిట్టమధ్యాహ్నం శ్రీశైలం ఘాటు ఎక్కుతుంటే కారు గుక్కపట్టి ఆగిపోయేది. పైపులో పెట్రోలు బుడగలై, పంపు గాలినే తోడుతూ ఉండేది. డ్రైవరు బానెట్ ఎత్తి, గోనెపట్టా తడిపి పెట్రోలు పంపు మీద కప్పి, చెట్టు కింద బీడీ ముట్టించుకునేవాడు. బీడీ అయ్యేసరికి కారు సిద్ధమయ్యేది. ఇప్పుడు పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఆ బెడద చాలావరకు పోయింది.

ఎండాకాలంలో కారు మైలేజీని తినేది ఏసీ. రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండలో మూడు గంటలు నిలిపిన కారు లోపల పొయ్యిలా ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి కంప్రెసరు ఇంజన్ మెడ మీద కూర్చుంటుంది. మరీ వేడి రోజుల్లో, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో ఏసీ వల్ల మైలేజీ పావు వంతుకు పైగా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. ఇథనాల్ గురించి ఇంత రగడ జరుగుతోందే, దానికి మూడింతల నష్టం ఇది. దాన్ని తగ్గించుకునే మార్గం మాత్రం చేతిలో పని. కారు నీడన నిలపడం, ఎక్కగానే నాలుగద్దాలూ దించి ఒక ఫర్లాంగు పోయి లోపలి వేడి గాలి బయటికి తోలాక ఏసీ వేయడం. ఇదే లెక్కన చూస్తే మన ఊళ్లలో కారుకు మంచి మైలేజీ వచ్చేది కార్తీకం నుంచి మాఘం దాకా. ఏసీ అక్కరలేదు, మధ్యాహ్నం పాతిక ముప్ఫై డిగ్రీలే, ఇంజన్ ఇట్టే వేడెక్కుతుంది. ఏసీ లేని మోటారు సైకిలుకు అదే కాలం కాస్త నష్టం. ఒకే డిసెంబరు ఒకే ఇంట్లో తండ్రి కారుకు మేలు చేసి, కొడుకు బండికి కీడు చేస్తుంది.

పెట్రోలు తెల్లవారుజామున పోయించుకుంటే లాభం అన్న మాట మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు చిక్కగా ఉంటుంది, లీటరులో ఎక్కువ పడుతుంది అన్నది సూత్రంగా నిజమే. పది డిగ్రీలు వేడెక్కితే పెట్రోలు సుమారు ఒక శాతం ఉబ్బుతుంది. కానీ బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. పగటికీ రాత్రికీ దాని వేడి పెద్దగా మారదు. రెండు డిగ్రీలు మారిందనుకున్నా పది లీటర్లకు తేడా ఇరవై మిల్లీలీటర్లు, అంటే నాలుగు చెంచాలు. దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. పగలూ రాత్రీ సంగతి పక్కనపెట్టి కాలాల మధ్య తేడా చూస్తే అది కొంత లెక్కలోకి వచ్చేదే. కెనడాలో అందుకే బంకుల్లో పంపులే పెట్రోలు వేడిని కొలిచి, 15 డిగ్రీల దగ్గర ఎంత లీటరవుతుందో అంతకే డబ్బు లెక్కగట్టేలా చేశారు.

డీజిలుకు చలి ఇంకా ప్రమాదం. అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. మన ప్రమాణాల్లో డీజిలు ఫిల్టరు దాటి పారాల్సిన హద్దు ఎండాకాలంలో 18 డిగ్రీలు, చలికాలంలో 6 డిగ్రీలు. లద్దాఖ్‌కు అవేవీ చాలవు కాబట్టి, మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిలును 2019 నవంబరులో అక్కడ మొదలుపెట్టారు. అంతకుముందు లారీ డ్రైవర్లు పొద్దున్నే ట్యాంకు కింద మంట పెట్టి కరిగించుకునేవాళ్లు. మనకు అంత చలి లేదు. సున్నా దరిదాపులకు వెళ్లే లంబసింగికి మరో పేరు కొర్రబయలు. రాత్రి బయట నిలబడితే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరట.

విద్యుత్ బండ్లకు పెట్రోలు గొడవ లేకపోయినా కాలం గొడవ తప్పలేదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు కార్లను పరీక్షించింది. మైనస్ 7 దగ్గర హీటరు వేసుకొని నడిపితే ఒక్క చార్జింగు మీద పోయే దూరం సగటున 41 శాతం తగ్గింది. పెట్రోలు ఇంజన్ వృథా చేసే వేడే హీటరుకు ఉచితంగా దొరుకుతుంది. బ్యాటరీ బండికి ఆ వృథా లేదు, ఉచితమూ లేదు.

ఇప్పుడు మిగిలింది టైరు, మెకానిక్ బొటనవేలితో నొక్కి చూసిన ఆ టైరు. ఐదారు డిగ్రీలు చల్లబడితే టైరులో గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో 33 కొట్టించిన టైరు, పన్నెండు డిగ్రీల పొద్దున కొలిస్తే 29 దగ్గర ఉంటుంది. దీనితో పాటు నెలనెలా మెల్లగా పోయే గాలి. కార్ల మీద వేసిన లెక్కల్లో ఒక్కో పీఎస్ఐకి పోయే మైలేజీ 0.2 శాతమే. నాలుగైదు తగ్గితే ఒక శాతం. అంటే యాభైలో అర కిలోమీటరు. డిసెంబరు గాలి దసరా గాలి కంటే ఐదు శాతం బరువైనా, ట్రాఫిక్‌లో నలభై వేగంతో పోయే బండికి దాని వాటా కూడా అంతకంటే ఎక్కువ ఉండదు. చల్లటి ఇంజన్ నష్టం రోజుకు ఒకటి రెండుసార్లే. రోజంతా తిరిగే డెలివరీ బండి ఇంజన్ మళ్లీ చల్లారేది ఎప్పుడో రాత్రికే. ఇవన్నీ కూడినా రెండు కిలోమీటర్లు మించడం కష్టం. మరి మిగతా ఆరు?

మర్నాడు అదే వేళకు షెడ్డుకు వెళ్లాను. కుర్రాడు బండి ఇచ్చి వెళ్లి అప్పుడే తీసుకోవడానికొచ్చాడు. ముందు బ్రేకు పిస్టను దుమ్ము పట్టి బిగుసుకుపోయి, ప్యాడ్లు చక్రాన్ని ఎప్పుడూ కొద్దిగా పట్టుకొనే ఉన్నాయట. బ్రేకు నొక్కకుండానే నొక్కినట్టు. చెయిన్ ఎండిపోయి తుప్పు రంగు తిరిగింది. మెకానిక్ రెండూ శుభ్రం చేశాడు, గాలి కొట్టాడు. చక్రం తిప్పితే ఈసారి ఐదారు చుట్లు తిరిగింది. తర్వాత అడిగాడు: "ఇంతకీ నలభై రెండు అని ఎట్లా లెక్కేశావు?" వంద రూపాయలు కొట్టించి, రిజర్వ్ లైటు వెలిగేదాకా నడిపి చూశానన్నాడు కుర్రాడు. "ఆ లెక్కలో రెండు మూడు అటూ ఇటూ పోతాయి. బండి స్టాండు మీద ఒరిగి ఉన్నా లైటు మారుతుంది. ఒకే బంకులో, సెంటర్ స్టాండు మీద, ఆటో కట్ పడేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించు. మీటరు రాసుకో. మళ్లీ అక్కడే అట్లాగే నింపు. ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో కిలోమీటర్లను భాగించు. ఒక్కసారి కాదు, నాలుగు ట్యాంకులు చూడు. అప్పుడు రా."

మా ముగ్గురికీ బంకు ఎదురుగానే ఉంది. కుర్రాడు బండి తోసుకుంటూ వెళ్లి సెంటర్ స్టాండు వేశాడు. పంపు పక్కన బోర్డు మీద సాంద్రత అంకె ఎర్రగా వెలుగుతోంది. ఆటో కట్ పడింది. అతను బిల్లు తీసుకొని, ట్యాంకు మీదే పెట్టి, బంకు అమ్మాయిని పెన్ను అడిగి మీటరులో ఉన్న ఐదంకెలూ బిల్లు వెనక రాసుకున్నాడు. ఒకసారి సరిచూసుకొని, మడిచి, ఫోను కవరు లోపల దాచుకున్నాడు.